పాలికిచ్చిన పెట్ట

నైట్ షిఫ్టు చేసేవాడికి తెల్లవారడమంటే నిద్రవేళ. ఈ సంగతి లోకంలో ఎవరికైనా చెప్పి ఒప్పించొచ్చు, ఒక్క కోడిపుంజుకి తప్ప.

సుధీర్ తాటిపాక గ్యాస్ ప్లాంటులో ఆపరేటరు. రాత్రంతా మీటర్లకేసి చూసి, పొద్దున్నే బైకు మీద ఇంటికొచ్చి, నాలుగు ఇడ్లీలు తిని, కిటికీ మూసి, దుప్పటి ముసుగు తన్నాడు. ముందురోజే అద్దెకు దిగిన ఇల్లు. చుట్టూ కొబ్బరిచెట్లు, వెనక పంటకాలువ, జూన్ నెల మొదటి వాన పడి చల్లటి గాలి. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాడు.

"కొక్కొరొకో!"

తలగడ కిందే కూర్చుని కూసినట్టుంది. చెవులు మూసుకున్నాడు. మళ్లీ కూసింది. పదిసార్లు ఓర్చుకున్నాడు. పదకొండోసారికి లేచి, లుంగీ బిగించి, పెరట్లోకి పోయాడు.

రెండు పెరళ్లకీ మధ్య కొబ్బరాకుల దడి. దడి అవతల ఒకమ్మాయి చున్నీ నడుముకి బిగించి, నోట్లో నాలుగు మేకులు పెట్టుకుని, సుత్తితో ఒక చెక్కని బాదుతోంది. ఆమె ఎదురుగా ఒక వింత కట్టడం. కొబ్బరి దూలాల కాళ్లు, ఎవరింట్లోనో తీసేసిన కిటికీ ఊచల తలుపు, రొయ్యల చెరువు వల చుట్టిన గోడలు, పైన పాత ఫ్లెక్సీ, దాని మీద కొబ్బరాకు. అది కోళ్లగూడని అర్థం కావడానికి సుధీర్‌కి కొంతసేపు పట్టింది.

"ఏవండీ! ఆ పుంజు మీదేనాండీ?"

అమ్మాయి మేకులు తీసి చేతిలో పెట్టుకుంది. "ఆయ్, మాదేనండి."

"తెల్లారి మూడు గంటలైంది. ఇంకా కూస్తుందేంటండీ?"

"దాని గొంతు, దాని ఇష్టం. ఆపడానికి బటన్ లేదండి."

"నేను నైట్ డ్యూటీ చేసొచ్చి ఇప్పుడే పడుకున్నానండి."

"అయ్యో! ఇల్లు తీసుకునేముందు పక్కింట్లో ఎవరున్నారో చూసుకోలేదాండీ?"

"చూసేను. రిటైర్డ్ మాస్టారు, వాళ్లమ్మాయి, ఇద్దరే, చాలా నెమ్మదస్తులని చెప్పేరు."

"అది మాస్టారి గురించి చెప్పుంటారు" అంది ఆమె, మళ్లీ సుత్తి ఎత్తుతూ.

సుధీర్‌కి ఒళ్లు మండింది. పోట్లాటకి ఇంకేమీ దొరక్క గూడు వైపు చూశాడు. "తలుపు లోపలికి తెరుచుకునేలా పెట్టేరు. కోళ్లు అడ్డంగా కూర్చుంటే ఎలా తీస్తారు?"

ఆమె తలుపు వంక చూసింది. అతని వంక చూసింది. "అవి లేస్తాయి లెండి. మీలాగ పగలు పడుకోవు."

"ఇంతకీ ఆ పుంజుకో పేరుందా? తిట్టుకోడానికి వీలుగా ఉంటుంది."

"హెచ్చెమ్ గారు."

అప్పుడే ఇంటి అరుగు మీంచి గంభీరమైన గొంతు వినిపించింది. "ఎవరమ్మా అక్కడ?" తెల్లపంచె, బనీను, చేతిలో పేపరుతో ఒక పెద్దాయన. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన ఇస్సాకు మాస్టారు ఆయనే. అమ్మాయి కళ్లు ఇంతలు చేసి, సుధీర్‌కేసి చూసి, గబుక్కున పెదవుల మీద వేలు పెట్టుకుంది.

పుంజుకి ఆ పేరెందుకొచ్చిందో సుధీర్‌కి తెలిసిపోయింది. వచ్చిన నవ్వు ఆపుకోడానికి అతను దగ్గాల్సొచ్చింది. తిట్టడానికి వచ్చిన మనిషి "వందనాలండి మాస్టారూ, పక్కింట్లోకి కొత్తగా వచ్చేను" అని చెప్పి వెనక్కి పోయాడు. ఆ రోజంతా నిద్రపట్టలేదు. పుంజు కూత ఒక కారణం. మధ్యాహ్నమంతా దడి అవతల సుత్తి చప్పుడు ఇంకో కారణం. సాయంత్రం చూస్తే గూటి తలుపు బయటికి తెరుచుకునేలా మారిపోయి ఉంది.

ఆ అమ్మాయి పేరు శారోన్.

*

ఆదివారం చర్చి అయ్యాక మాస్టారు సుధీర్‌ని కాఫీకి పిలిచారు. శారోన్ కాఫీ తెచ్చి ఇచ్చింది. గ్లాసు అందిస్తూ మెల్లగా, "పేరు సంగతి ఎత్తకండి" అంది. "మీ పుంజు నోరు మూయించండి, నేనూ మూస్తాను" అన్నాడతను అంతే మెల్లగా.

మాస్టారు మాత్రం ఆ పుంజు దగ్గరే మొదలెట్టారు.

"మా అమ్మ కోళ్లు మేపి నన్ను మాస్టార్ని చేసింది బాబూ. మా అమ్మాయి ఎమ్మెస్సీ చదివి కోళ్లు మేపుతోంది. మధ్యలో నేనెందుకు పుట్టేనో నాకర్థం కావట్లేదు."

"నానమ్మ గత్యంతరం లేక మేపింది నాన్నా. నేను ఇష్టపడి మేపుతున్నాను. రెండూ ఒకటేనా?"

"ఆ తేడా కోడికి తెలుస్తుందామ్మా? చూసేవాళ్లకి తెలుస్తుందా?"

శారోన్ హైదరాబాద్‌లో మందుల కంపెనీలో మూడేళ్లు పనిచేసింది. ఒకరోజు ఆఫీసు కిటికీలోంచి చూస్తే ఎదుటి ఆఫీసు కిటికీ తప్ప ఇంకేమీ కనిపించలేదట. ఆ సాయంత్రమే రాజీనామా రాసింది. వాళ్లమ్మ పోయి చాలాకాలమైంది. ఇంట్లో మాస్టారొక్కరే. కూతురు తిరిగొచ్చిందని ఆయన సంతోషించే లోపే ఆమె పెరట్లో గూడు కట్టడం మొదలెట్టింది.

"క్రిస్మస్ దాకా గడువిచ్చేను" అన్నారు మాస్టారు. "ఇప్పుడున్న కోళ్లు తన జీతంతో కొనుక్కుంది, సరే. ఇక మీద కొనకూడదు. ఎవరి దగ్గరా ఊరికే పుచ్చుకోకూడదు. తన గూట్లో పిల్లలు పుట్టాలి, వానాకాలం దాటి బతకాలి. అలా జరిగితే నేను మళ్లీ నోరెత్తను. లేదంటే కాకినాడలో మా స్నేహితుడి కాలేజీలో ల్యాబ్ ఉద్యోగం ఉంది. జనవరిలో చేరాలి. వానాకాలం సంగతి నాకు తెలుసు. మా అమ్మ ప్రతి ఏడూ కొక్కెర తెగులుకి సగం కోళ్లని పారేసుకునేది. అవతలకెళ్లి ఏడ్చొచ్చి మాకు అన్నం పెట్టేది."

"చేరక్కర్లేదు. నేను టీకాలు వేస్తున్నాను. బతుకుతాయి" అంది శారోన్. కళ్లు తండ్రి మీదే ఉన్నాయి. ఆ చూపులో కోపం లేదు. ఊళ్లోంచి కదలనన్న పట్టుదల ఉంది.

కాకినాడ మాట విన్న తర్వాత సుధీర్‌కి కాఫీ చప్పగా తోచింది. ఈ అమ్మాయి ఇక్కడ్నించి వెళ్లిపోతే పగలు హాయిగా నిద్రపట్టాలి కదా, మరి నాకెందుకీ దిగులు అని ఇంటికెళ్లేదాకా ఆలోచించాడు. జవాబు తెలుస్తూనే ఉంది కానీ ఒప్పుకోడానికి మొహమాటపడ్డాడు.

*

ఆగస్టు వచ్చింది. గూట్లో పెట్టలు గుడ్లు పెడుతూనే ఉన్నాయి. ఒక్కటీ పొదుగుకి కూర్చోవడం లేదు.

"హేచరీలో మెషీన్ కింద పుట్టినవి కదండీ" అంది శారోన్ దడి దగ్గర. ఈపాటికి దడి దగ్గర రోజూ మాటలు నడుస్తున్నాయి. సుధీర్ నిద్రలేచే వేళకి ఆమె నూకలు చల్లే వేళ ఎలా కలిసిందో వాళ్లిద్దరికీ తెలీదు. "గుడ్డు పెట్టి, అరిచి గోల చేసి, వెళ్లిపోతున్నాయి. వెనక్కి తిరిగి చూడవు."

"ఫోన్‌లో వీడియోలు చూపించండి, నేర్చుకుంటాయి."

ఆమె నవ్వలేదు. థర్మాకోల్ పెట్టెలో బల్బు పెట్టి తనే పొదిగించాలని చూసింది. కరెంటు పోయింది. గుడ్లు చల్లబడి పాడయ్యాయి. మళ్లీ పెట్టింది. మళ్లీ కరెంటు పోయింది. ఈసారి వీధి చివర ఇన్వర్టర్ ఉన్న శిరీషక్క ఇంటికి పెట్టె మోసుకెళ్లింది. ఆ ఇంటి పిల్లలు పెట్టెలో ఏముందో చూద్దామని పదిసార్లు మూత తీశారు. ఆ గుడ్లనీ మందారం మొదట్లో పూడ్చిపెట్టి వచ్చింది.

"ఏడ్చేరా?" అన్నాడు సుధీర్.

"పొగండి."

"ఎక్కడా పొగ లేదే."

"రేపొస్తుంది లెండి" అని కళ్లు తుడుచుకుంది. "క్రిస్మస్ లోపు పిల్లలు ఎదగాలంటే ఈ నెల్లోనే పొదగేయాలి. నేనేం ఊరుకోను. అమలాపురం వెళ్లి బ్యాటరీ తెస్తాను."

"నాటు పెట్టని ఒకదాన్ని తెచ్చిస్తాను. పొదుగుకొచ్చినదాన్ని."

"కొనకూడదు. నాన్నకి మాటిచ్చేను."

"కొనక్కర్లేదండి. ఊరికే..."

"ఊరికే అసలే వద్దు."

ఆ రెండు ముక్కలు ఎంత గట్టిగా అందంటే, సుధీర్ నోట్లోంచి ఒక అబద్ధం దానంతటదే ఊడిపడింది.

"ఊరికే ఎవరిస్తారండీ? ఉప్పలగుప్తంలో మా అమ్మకి బోలెడు కోళ్లు. పాలికిమ్మని అడుగుతాను. కోడి మా అమ్మది, పెంపకం మీది. పిల్లలు ఎదిగేక సగం మీకు, సగం ఆవిడకి."

శారోన్ మొహం విప్పారింది. పాలికి తీసుకుంటే కొన్నట్టూ కాదు, చేయి చాచినట్టూ కాదు. "నిజంగా ఇస్తారాండీ? నేను గింజలు బాగా పెడతానని చెప్పండి. లెక్కగా పంచుతానని చెప్పండి."

"చెప్తాను" అన్నాడు సుధీర్.

ఉప్పలగుప్తంలో అతని తల్లి లీలావతి పెరట్లో ఉన్నవి మల్లెపొదలూ కనకాంబరాలూ. వాటి జోలికొచ్చిన ఏ కోడీ చీపురు దెబ్బ తినకుండా వెళ్లలేదు. ఆవిడ సొంతానికి ఒక్క ఈక కూడా లేదు. సుధీర్ మర్నాడు డ్యూటీ నుంచి నేరుగా సంతకి పోయి, బుట్టలో గుర్రుమంటూ కూర్చున్న మచ్చల పెట్టనొకదాన్ని కొని, బైకు ముందు పెట్టుకుని వచ్చాడు. దారిలో అది అతని చేతిని మూడుచోట్ల పొడిచింది.

*

మాస్టారు కళ్లజోడు సవరించుకుని బుట్టలోకి చూశారు. "ఎక్కడిది?"

"సుధీర్ గారి అమ్మగారిది నాన్నా. పాలికి తీసుకున్నాను."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"మా అమ్మ బతుకంతా పాలికేనమ్మా" అన్నారు. "కోడి రైతుగారిది. పిల్లలు ఎదిగేక రైతుగారి మనిషి వచ్చేవాడు. కోడి గలవాళ్లే ముందు ఏరుకోవాలని ఆచారం. సగమంటే సగమే, లెక్క తప్పేది కాదు. కానీ పుష్టిగా ఉన్నవి వాళ్లకి. కుంటిదీ, గుడ్డిదీ, ఈకలు రానిదీ మాకు. ఒకసారి ఒక నల్ల పిల్లని నాదే అనుకుని అరచేతిలో గింజలు పెట్టి పెంచేను. ముందు దాన్నే పట్టుకెళ్లేడు. మా అమ్మ ఏమీ అనలేదు. ఎలా అంటుంది?"

శారోన్ తండ్రి పక్కన కూర్చుంది. "వద్దంటే తిరిగి ఇచ్చేస్తాను నాన్నా."

"వద్దు. మాటంటే మాటే. పాలు ఊరికే పుచ్చుకోడం కాదు, కష్టపడి తీసుకోడం. కానివ్వు." ఆయన సుధీర్ వైపు తిరిగారు. "ఒకటే మాట బాబూ. పంచే రోజు మీ అమ్మగారు స్వయంగా రావాలి. నా కళ్ల ముందు పంచాలి."

సుధీర్ తలొంచుకుని బుట్ట సర్దాడు. "ఆయ్, తప్పకుండానండి" అన్నాడు.

ఆ సాయంత్రం బుట్టలో వరిగడ్డి పరిచి, పదమూడు గుడ్లు పేర్చారు. శారోన్ వెళ్లబోతుంటే మాస్టారు వెనక నుంచి, "ఉరుములకి గుడ్లు మురిగిపోతాయి. ఒక బొగ్గుముక్కా ఇనప మేకూ వెయ్యి" అన్నారు. శారోన్ ఆశ్చర్యంగా చూసింది. "సైన్సు మాస్టారై ఉండి ఇదేంటి నాన్నా?"

"సైన్సుకి నష్టమేం లేదు. వెయ్యి."

ఇరవయ్యొకటో రోజున గుడ్లు చిట్లాయి. పదకొండు పిల్లలు. శారోన్ దడి మీంచి ఒకదాన్ని సుధీర్ అరచేతిలో పెట్టింది. పిల్ల వెచ్చగా ఉంది. దాన్ని ఇచ్చిన వేళ్లు వెంటనే వెనక్కి పోలేదు. ఇద్దరూ పిల్లనే చూస్తున్నట్టు నటించారు.

*

అక్టోబరులో వాయుగుండం పట్టింది. రెండు రోజులు ఆగకుండా కురిసింది. మూడోరోజు పొద్దున సుధీర్ రెయిన్‌కోటులోంచి నీళ్లు కారుతుండగా ఇంటికొచ్చేసరికి పంటకాలువ పొంగి పెరట్లోకి వచ్చేసింది. శారోన్ మోకాలిలోతు నీళ్లలో నిలబడి గూడుని ఒక్కతే ఎత్తాలని చూస్తోంది.

సుధీర్ దడి దాటి దూకాడు. చెప్పొకటి బురదలో ఉండిపోయింది.

"డ్యూటీ చేసొచ్చేరు, పడుకోండి! నేను చూసుకుంటాను!" అని అరిచింది.

"మీ హెచ్చెమ్ గారు మునిగిపోతే నన్ను ఎవరు లేపుతారండీ? అటు పట్టుకోండి!"

ఎత్తారు. కింద ఇటుకలు పెడితే బురదలోకి దిగిపోయాయి. మళ్లీ పెట్టారు. మళ్లీ దిగాయి. శారోన్ జడ ముడి ఊడి మొహమంతా జుట్టు అంటుకుపోయింది. తల విదిలించి మళ్లీ ఎత్తింది. అసలు వదిలేస్తే కదా! సుధీర్ ఆ మొహాన్ని చూస్తూ తన చివర ఎత్తడం మర్చిపోయాడు.

"చూడ్డం తర్వాత! ఎత్తండి!"

కిటికీలోంచి మాస్టారి గొంతు వచ్చింది. "ఇటుక నిలబడదు! కొబ్బరి మొద్దులు అడ్డంగా పరవండి! కాలువ వైపు రెండు!" ఆయన చెప్పినట్టే మొద్దులు దొర్లించారు. గూడు నిలిచింది. కోళ్లన్నీ లోపల ఒకదానికొకటి ఆనుకుని ముడుచుకుని కూర్చున్నాయి. మచ్చల పెట్ట రెక్కల కింద పదకొండు పిల్లలూ పొడిగా ఉన్నాయి.

ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు. శారోన్ తడిసిన చున్నీ పిండుతూ, "మీరు లేకపోతే పోయేవండి" అంది.

"మీరు లేకపోతే నాకెందుకండీ ఇవన్నీ?" అన్నాడు. అనేశాక ఏమన్నాడో తెలిసి చెప్పు వెతుక్కోవాలని బురదలోకి దిగిపోయాడు.

*

నవంబరు చివరికి పిల్లలు తల్లిని వదిలాయి. పంచే రోజు దగ్గరపడింది. ఇక దాచి లాభం లేదని సుధీర్ ఫోన్ తీశాడు.

"అమ్మా, నీకో కోడుంది."

"నాకు కోడెక్కడిదిరా?" అంది లీలావతి.

అంతా చెప్పాడు. అవతల ఆవిడ చాలాసేపు నవ్వింది. తర్వాత తిట్టింది. తర్వాత, "ఆ అమ్మాయి ఎలా ఉంటుంది?" అని అడిగింది.

"పట్టుదలగా ఉంటుందమ్మా."

"రంగు అడిగేను."

"చూసుకోలేదమ్మా."

"అయితే ముదిరిపోయింది. వస్తాను లే. ఏ కోడి?"

"మచ్చల పెట్ట."

శనివారం సాయంత్రం లీలావతి జరీ చీర కట్టుకుని, చేతిలో పూతరేకుల డబ్బాతో దిగింది. వందనాలయ్యాయి. మాస్టారు పెరట్లో కుర్చీ వేయించారు. శారోన్ పిల్లలన్నిటినీ గంప కింద మూసి పెట్టింది. బయట పెద్దకోళ్లు తిరుగుతున్నాయి.

"మీ కోడిని గుర్తుపట్టేరాండీ?" అన్నారు మాస్టారు మర్యాదగా.

"అయ్యో, గుర్తుపట్టకపోవడమేంటండీ? అదుగో. బాగా మేపేరు, బొద్దుగా తయారైంది" అంది లీలావతి. పెరట్లో మచ్చల పెట్టలు రెండున్నాయి. ఆవిడ చూపించింది హేచరీది.

సుధీర్ కళ్లు మూసుకున్నాడు.

అంతలో అసలు మచ్చల పెట్ట ఆవిడ చీర అంచు జరీ చూసి గింజలనుకుందో ఏమో, రెక్కలు టపటపలాడిస్తూ మీదికొచ్చింది. "బాబోయ్!" అని లీలావతి కుర్చీ ఎక్కి నిలబడింది. "తియ్యరా! తియ్యరా దాన్ని!"

బోలెడు కోళ్లు పెంచే మనిషి కోడిని చూసి కుర్చీ ఎక్కదు. శారోన్ మెల్లగా సుధీర్ వైపు తిరిగింది.

"ఈ పెట్ట ఎక్కడిదండీ?"

"సంతలో కొన్నానండి."

"ఎప్పుడు?"

"మీరు పొగ అని చెప్పేరే, ఆ మర్నాడు."

ఆమె మొహం ఎర్రబడింది. "అంటే జాలిపడ్డారన్నమాట. ఊరికే వద్దన్నాను. ఎంత గట్టిగా చెప్పేను! అందరి ముందూ ఇన్నాళ్లు నా కష్టం, నా కష్టం అని చెప్పుకున్నాను. ఇదంతా మీ దయా?"

"జాలి కాదండి." సుధీర్ ఆమె కళ్లలోకి చూశాడు. "భయం. మీరు కాకినాడ వెళ్లిపోతారేమోనని భయం. మీరంటే నాకు ఇష్టం. ఇంత గట్టి మనిషి నాకు ఇంకెక్కడా కనపడలేదు. నిజం చెప్తే తీసుకోరని అబద్ధం చెప్పేను. తప్పే. మాస్టారూ, మీ దగ్గరా తప్పే చేసేను."

లీలావతి కుర్చీ మీదే నిలబడి కొడుకుని చూస్తూ ఉండిపోయింది. ఇస్సాకు మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"షరతు పోయిందమ్మా" అన్నారు కూతురితో. "ఆ పాలూ ఉత్తదే."

"షరతు పోతే పోయింది నాన్నా." శారోన్ చున్నీ నడుముకి బిగించింది. "పాలు ఉత్తది కాదు. వాళ్లమ్మగారిది కాకపోతే ఈయనది. కోడి ఈయనది, పెంపకం నాది. సగం ఈయనకి ఇచ్చేయాలి. అందాకా ఈ పెరట్లో ఉన్నది ఒకరి సొమ్ము. అది నేనుంచుకోను." గంప ఎత్తింది. పదకొండు పిల్లలూ బిలబిలమంటూ బయటపడ్డాయి. "రండి. కోడి గలవాళ్లే ముందు ఏరుకోవాలి. మంచివే ఏరుకోండి."

"నాకొద్దండి."

"వద్దంటే కుదరదు. ఏరుకోండి!" ఆమె కళ్లలో నీళ్లున్నాయి. అయినా చేయి చాపి గుంపుని చూపిస్తూనే ఉంది.

సుధీర్ పిల్లల వైపు వచ్చాడు. అన్నిటికన్నా ముందు, మెడ నిక్కించి ఒక నల్ల పుంజుపిల్ల నిలబడి ఉంది. దాన్ని చూశాడు. తర్వాత మాస్టార్ని చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"కోడి నాదేనన్నారు కదండీ. అయితే ముందెవరు ఏరుకోవాలో నేనే చెప్తాను. మాస్టారూ, మీరు ఏరుకోండి."

ఊళ్లో ఎంతోమంది పిల్లలకి పాఠం చెప్పిన ఇస్సాకు మాస్టారు గంప దగ్గరికి నడిచారు. తర్వాత పంచె ఎగ్గట్టి, నెమ్మదిగా గొంతుక్కూర్చున్నారు. నాలుకతో చిన్న చప్పుడు చేశారు. శారోన్ ఎప్పుడూ వినని చప్పుడది. పిల్లలన్నీ ఆయన చుట్టూ చేరాయి.

ఆయన నల్లదాన్ని కాసేపు చూశారు. కానీ చేయి వేరేవైపు పోయింది. అన్నిటికన్నా చిన్నది, ఒక కాలివేలు వంకర పోయినది, వెనక నిలబడి ఉంది. దాన్ని రెండు చేతులతో ఎత్తి గుండెకి ఆనించుకున్నారు.

"నాన్నా, ముందు ఏరుకునేది మీరు. మంచిది తీసుకోండి" అంది శారోన్.

"ఇలాంటివే మాకు మిగిలేవమ్మా. మా అమ్మ వీటినే బతికించేది. పెద్దయ్యేక ఇవే ఎక్కువ గుడ్లు పెట్టేవి." ఆయన కళ్లు తుడుచుకోలేదు. "మా అమ్మ బతుకు చూసి సిగ్గుపడ్డాను. సిగ్గుపడాల్సింది ఆవిడ కాదు. నేనూ కాదు. ఇన్నేళ్లూ ఎవరి సిగ్గో మోసేను."

శారోన్ వెళ్లి తండ్రి భుజం మీద తల పెట్టుకుంది. మాస్టారు ఆమె తల నిమిరి లేచారు.

"కాకినాడకి ఫోన్ చేసి మా అమ్మాయి రాదని చెప్పేస్తాను."

"షరతు పోయింది కదా నాన్నా?"

"పెట్టింది నేను, తీసేసింది నేను. ఓడిపోయి కూడా ఎదుటివాడి వాటా వాడికిచ్చేదాకా నిద్రపోని మనిషివి. ఎక్కడైనా బతుకుతావు. ఇక్కడే బతుకు." ఆయన లీలావతి వైపు తిరిగారు. "దిగండి చెల్లెమ్మా. కోడి అవతలకి పోయింది లెండి. లోపల కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం. మాట్లాడుకోవాల్సింది చాలా ఉన్నట్టుంది."

*

మాస్టారు ఏరుకున్నది పోను సుధీర్ వాటా అయిదు పిల్లలు. నల్లది కూడా అతనికే వచ్చింది. శారోన్ పట్టుబట్టి ఇచ్చింది. బుట్ట పట్టుకుని తన ఖాళీ పెరట్లో నిలబడ్డాడు. పొద్దు వాలుతోంది. కొబ్బరాకుల మీద సన్నటి తుంపర మొదలైంది. కాసేపటికి శారోన్ వచ్చింది. చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఈ రాత్రికి వీటిని ఎక్కడ పెడతారు?"

"వంటింట్లో."

"మీరు డ్యూటీకెళ్తే పిల్లి రాదా?"

"సెలవు పెడతాను. శారోన్ గారూ, కోపం పోలేదాండీ?"

"పోలేదు. ఇంకోసారి నా మంచి కోసమని నాతో అబద్ధం చెప్తే అస్సలు పోదు."

"చెప్పను."

"నేను నా కోళ్లని వదలను. ఈ ఊరు వదలను. నాన్నని వదలను. రేపు మీకు ఎక్కడికో బదిలీ అయితే?"

"రోజూ ఎంత దూరమైనా వచ్చి వెళ్తాను."

"నిద్రుండదు."

"ఇప్పుడు మాత్రం ఉందాండీ?"

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోడానికి చూసి, వల్ల కాక, తల వంచుకుంది. "ఆలోచించుకుని చెప్పండి. తొందరేం లేదు."

"జూన్ నుంచి ఆలోచిస్తున్నానండి. మీరే చెప్పాలి."

శారోన్ తలెత్తింది. తుంపరకి కనురెప్పల మీద చిన్న చినుకులు నిలిచాయి. గూడు ఎత్తిన రోజున ఉన్న మొహమే అది. ఏదైనా పట్టుకుంటే వదలని మొహం.

"మీరంటే నాకూ ఇష్టమే" అంది. "మీ అమ్మగారు లోపల నాన్నతో పాస్టరు గారిని ఎప్పుడు కలుద్దామని అడుగుతున్నారు. నాన్న నన్నడిగేరు. నేను సరే అన్నాను. మీకు చెప్పడానికే వచ్చేను."

సుధీర్ చేతులు బుట్ట సంగతి మర్చిపోయాయి. బుట్ట ఒరిగి నల్లపిల్ల కిందకి దూకబోతే శారోన్ పట్టుకుంది. బుట్టకి అటు ఒక చెయ్యి, ఇటు ఒక చెయ్యి వేసింది. అతని వేళ్లు ఆమె వేళ్ల కింద ఉండిపోయాయి.

"ఇటివ్వండి. తడిసిపోతున్నాయి. ఇంక పంచుకోడాలు లేవు, అన్నీ ఒకే చోట ఉంటాయి. రేపు డ్యూటీ నుంచి రాగానే పడుకోకండి, చర్చికి మాతో రావాలి. మా వాళ్లందరికీ చూపించాలి. విన్నారా?"

"ఆయ్" అన్నాడు సుధీర్.